మీటరుకు సీలు, ఇన్వర్టరుకు స్టిక్కరు

మేడమీద మూడు కిలోవాట్ల సోలార్ పెట్టించుకున్న ప్రతి గృహస్థుడూ, తెలిసో తెలియకో, ఒక జెన్‌కో. శ్రీశైలంలో కుడిగట్టున ఏడు యూనిట్లు, ఎడమగట్టున ఆరు, మొత్తం 1,670 మెగావాట్లు. ఈయనగారి దగ్గర మూడు కిలోవాట్లు. అంతస్తులో తేడా ఉంది గానీ కులం ఒకటే: ఇద్దరూ గ్రిడ్డులోకి కరెంటు తోసేవాళ్లే. అందుకే కలిపేముందు ఇద్దరినీ పరీక్షించాలంటుంది చట్టం. శ్రీశైలంలో ఒక యూనిట్‌ను గ్రిడ్డుకు కలపాలంటే వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ, ఫేజుల వరుస, ఫేజు కోణం నాలుగూ కుదిరేదాకా ఇంజనీరు ముల్లు మీంచి కన్ను తీయడు. మేడమీది జెన్‌కోను కలపాలంటే ఆధార్‌లో పేరూ కరెంటు బిల్లులో పేరూ కుదరాలి. బిల్లు ఇంకా కాలం చేసిన తాతగారి పేరు మీదే ఉంటే, సూర్యుడు రోజూ ఉదయించీ ప్రయోజనం లేదు.

ఇదేదో ఒక ఇంటి గొడవ అనుకోకండి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం లక్ష్యం కోటి ఇళ్లు, వ్యయం 75,021 కోట్ల రూపాయలు. మూడు కిలోవాట్లు పెట్టుకుంటే 78,000 రూపాయల సబ్సిడీ. కోటి మేడలనూ కూడితే దాదాపు 30,000 మెగావాట్లు, అంటే పద్దెనిమిది శ్రీశైలాలు. మన రెండు రాష్ట్రాల్లో ఉత్సాహానికేం కొదవ లేదు. అటు నారావారిపల్లె, ఇటు కొండారెడ్డిపల్లి సోలార్ పలకలతో మెరుస్తున్నాయి. సూర్యుడు అందరికీ తూర్పునే ఉదయిస్తాడు. పథకాలు మాత్రం ముందుగా ముఖ్యమంత్రుల సొంతూళ్లలో ఉదయిస్తాయి. పోనీండి. పలకలు మంచివే, ఎండ మనకు పుష్కలం, బిల్లు తగ్గితే ఎవరికి చేదు? నా పేచీ అంతా ఆ పలకల కింద గోడకు తగిలించిన ఇన్వర్టరు డబ్బాను 'పరీక్షించాం' అని పెట్టే సంతకంతో.

ఆ సంతకం ఎలా పడుతుందో చూడండి. సెక్షన్ ఆఫీసు నుంచి ఏఈగారు రావాలి. ఆయన నెత్తిన సబ్‌స్టేషన్లు, లెక్కకు మిక్కిలి ట్రాన్స్‌ఫార్మర్లు, బకాయిల వసూలు టార్గెట్టు, ఎమ్మెల్యేగారి సభకు లైటింగు. ఆయన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. వస్తే ఆయన వస్తారు, రాకపోతే ఫొటో వెళుతుంది. పలకల ముందు ఇంటాయన నిలబడాలి, ఫొటో అడుగున అక్షాంశ రేఖాంశాలు పడాలి. ఒక విద్యుత్కేంద్రం భద్రతను దాని యజమాని మొహం చూసి నిర్ధారించే విద్య మనకే అబ్బింది. ఎర్త్ పిట్లు మూడుండాలి: డీసీ వైపు ఒకటి, ఏసీ వైపు ఒకటి, పిడుగు కడ్డీకి ఒకటి. ఫొటోలో మూడు మూతలూ చక్కగా కనిపిస్తాయి. మూతల కింద ఏముందో ఫొటో అడగదు. అడగాల్సింది ఎర్త్ టెస్టర్. అది డివిజన్ ఆఫీసు బీరువాలో ఉంది. బీరువా తాళంచెవి సెలవులో ఉంది.

ఒక్క వస్తువును మాత్రం మన డిస్కంలు కళ్లలో వత్తులు వేసుకుని పరీక్షిస్తాయి. అది నెట్ మీటరు. ల్యాబుకు పోవాలి, వచ్చే యూనిట్లూ పోయే యూనిట్లూ సరిగ్గా లెక్కపెడుతోందని తేలాలి, సీలు పడాలి, సీలు నంబరు రిజిస్టరెక్కాలి. సీలు కదిలిందా, గృహస్థుడు దొంగ. మీటరు తప్పు చేస్తే పోయేది డబ్బు మరి. ఇన్వర్టరు తప్పు చేస్తే పోయేది లైన్‌మన్. కాబట్టి మీటరుకు సీలు, ఇన్వర్టరుకు స్టిక్కరు.

లైన్‌మన్ ఎలా పోతాడంటారా? ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, తీసుకుని, ఏబీ స్విచ్ దించి స్తంభం ఎక్కాడు. సబ్‌స్టేషన్ వైపు నుంచి కరెంటు రాదు. ఇళ్ల వైపు నుంచి వస్తే? వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ 11,000 వోల్టులను 433కు దించుతుందని మనం అనుకుంటాం; దించడమే తన డ్యూటీ అన్న పట్టింపు దానికేం లేదు. ఇటు నుంచి 433 తోస్తే అటు 11,000 చేసిపెడుతుంది. అందుకే కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013లో చిన్న ఉత్పత్తిదారుల కోసం నిబంధనలు చేసింది. గ్రిడ్డు పోతే వీళ్లూ ఆగిపోవాలి. వోల్టేజీ 110 శాతం దాటినా, 80 శాతం కన్నా తగ్గినా రెండు సెకన్లలోగా తప్పుకోవాలి. కరెంటు తిరిగొచ్చాక కూడా ఎగబడకూడదు. కనీసం 60 సెకన్లు నిలకడగా ఉందని చూసుకుని అప్పుడు కలవాలి. మిట్టమధ్యాహ్నం కరెంటు పోతే సోలార్ ఇంట్లోనూ ఫ్యాను ఆగేది ఇందుకే. 'సూర్యుడున్నాడు కదయ్యా, కరెంటేదీ?' అని ఇంటాయన వెండర్‌ను నిలదీస్తాడు. 'మీ డబ్బా ఇప్పుడొక మనిషి ప్రాణం కాపాడుతోంది, కాసేపు విసనకర్ర పట్టండి సార్' అని చెప్పిన వెండర్ నాకింకా తారసపడలేదు.

మరి ఆ డబ్బా నిజంగా రెండు సెకన్లలో ఆగుతుందని చూసిందెవరు? ల్యాబు చూసింది. ఐఎస్ 16169 అని ఒక ప్రమాణం ఉంది. ఇన్వర్టరు ఎంత ఇస్తోందో సరిగ్గా అంతే తాగే లోడును ఎదురుగా పెట్టి, గ్రిడ్డును తప్పించి చూస్తారు. గట్టి పరీక్షే. ఇచ్చేదీ పుచ్చుకునేదీ సమానమైతే వోల్టేజీ కదలదు, ఫ్రీక్వెన్సీ కదలదు, గ్రిడ్డు పోయిన కబురే ఇన్వర్టరుకు అందదు. ఆ కబురు రాబట్టడానికి చాలా ఇన్వర్టర్లు ఫ్రీక్వెన్సీని కొద్దిగా నెట్టి చూస్తుంటాయి. గ్రిడ్డు ఉంటే ఎంత నెట్టినా కదలదు. లేకపోతే జారిపోతుంది, గుట్టు తెలిసిపోతుంది. తెలివైన ఏర్పాటు, కాదనను. అయితే ల్యాబులో ఆ డబ్బా ఒంటరిది. మన వీధిలో ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ కింద అయిదారు కంపెనీల డబ్బాలు. ఒకటి పైకి నెడుతుంటే పక్కింటిది కిందికి నెట్టవచ్చు; రెండు నెట్టుళ్లూ చెల్లిపోయి, గ్రిడ్డు భేషుగ్గా ఉందని రెండూ నమ్మవచ్చు. అరుదే. కానీ మేడలు పెరిగేకొద్దీ ఆ అరుదు తగ్గుతుంది. ఈ గుంపు ప్రవర్తనను తేల్చే ల్యాబు ప్రస్తుతానికి మన వీధే, దాని సిబ్బంది స్తంభం మీద ఉన్నవాడే.

పైగా ల్యాబుకు పోయింది మీ డబ్బా కాదు, దాని పెద్దన్న. ఒకే కుటుంబానికి చెందిన మోడళ్లలో కొన్ని పరీక్ష రాస్తే తమ్ముళ్లందరూ పాస్. 2017లో కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ ఈ సరుకుకు పరీక్షలూ రిజిస్ట్రేషనూ తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు తెచ్చింది. ఉత్తర్వు వచ్చాక గమనించారు, దేశంలో చాలినన్ని ల్యాబులు లేవని. ఇన్వర్టర్లకు గడువు పొడిగించారు. మళ్లీ పొడిగించారు. ఈలోగా 'మా సరుకు ప్రమాణాలకు లోబడే ఉంది' అని తయారీదారులే రాసిచ్చే స్వీయ ధ్రువీకరణతో సరిపెట్టుకున్నారు. ఈ సౌకర్యం ఉందని తెలియక మన పిల్లలు ఇంకా కోచింగుల చుట్టూ తిరుగుతున్నారు.

పెద్దన్న నిజాయితీగానే పాసయ్యాడనుకుందాం. ఏ సెట్టింగులతో పాసయ్యాడో వాటితోనే తమ్ముడు మీ గోడమీద ఉన్నాడా? వీధి చివరి ఇళ్లలో తంటా మధ్యాహ్నం మొదలవుతుంది. పెద్దలు ఆఫీసుల్లో, పిల్లలు బడుల్లో, వాడేవాళ్లు లేరు. అన్ని మేడలూ కలిసి సన్నటి లైన్లోకి తోస్తుంటే 230 ఉండాల్సిన వోల్టేజీ 253 దాటుతుంది. ఇన్వర్టరు, పాపం, నిబంధన పాటించి తప్పుకుంటుంది. ఫోన్లో యాప్ చూసుకుంటున్న ఇంటాయనకు యూనిట్లు పడిపోయాయి. వెండర్‌కు ఫోను పోతుంది. వెండర్ పంపిన కుర్రాడు పాస్‌వర్డ్ కొట్టి, హద్దును కాస్త పైకి జరిపి, టీ తాగి వెళతాడు. తీగ మందం పెంచాలి, లేదా ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ మార్చాలి. అవి రెండూ ఖర్చు, శ్రమ. హద్దు పెంచడం ఉచితం. కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో అచ్చువేసిన అంకెను ఒక కుర్రాడు బొటనవేలితో సవరించాడు. పార్లమెంటుకు కూడా అంత వేగం లేదు. యూనిట్లు పెరిగాయి, వెండర్‌కు అయిదు నక్షత్రాలు పడ్డాయి. పక్కింట్లో ఫ్రిజ్జు కాలింది. 'ఓల్టేజీ వల్ల' అని తేల్చారు.

అంకెల్లో ఏముందిలే అనేవాళ్లు జర్మనీని అడగాలి. సోలార్ చిటికెడు ఉన్న రోజుల్లో అక్కడ ఫ్రీక్వెన్సీ 50.2 హెర్ట్జ్ దాటగానే ఇన్వర్టర్లన్నీ తప్పుకోవాలని రాసిపెట్టారు. చిటికెడు కాస్తా వేల మెగావాట్లయ్యాక చూసుకుంటే, ఆ గీత దాటిన క్షణాన అన్నీ ఒక్కుమ్మడిగా ఆగి గ్రిడ్డునే కూలదోసే పరిస్థితి. 2012లో ప్రత్యేక నిబంధన తెచ్చి, మూడు లక్షలకు పైగా ప్లాంట్లలో సెట్టింగులు మార్పించాల్సి వచ్చింది. బ్రిటన్‌లో 2019 ఆగస్టు 9న లైనుమీద పిడుగు పడింది, రెండు పెద్ద కేంద్రాలు తడబడ్డాయి. వాటిని చూసి వందల మెగావాట్ల చిన్న ఉత్పత్తి కూడా ఉలిక్కిపడి లైను వదిలేసింది. పది లక్షల పైచిలుకు వినియోగదారులకు కరెంటు పోయింది. వదలాల్సినప్పుడు వదలాలి, వదలకూడనప్పుడు పట్టుకుని ఉండాలి. పరీక్ష రెండిటికీ కావాలి. మనవాళ్లు రెండిటినీ ఒక టిక్కు మార్కులో ఇమిడ్చారు. రేపు మనకూ జర్మనీ గతి పడితే, ఏ ఇంట్లో ఏ సెట్టింగు ఉందో చెప్పాల్సింది ఎవరు? ఆ కుర్రాడు. అతను ఇప్పుడు సీసీ కెమెరాలు బిగిస్తున్నాడు.

ఇంత చెప్పినా, మేడమీది డబ్బా చాలావరకు బుద్ధిమంతురాలే. అసలు రౌడీ ఫంక్షన్ హాలు వెనక రేకుల షెడ్డులో పొగ వదులుతూ ఉంటుంది. డీజిల్ జనరేటరుకూ లైనుకూ మధ్య చేంజోవర్ స్విచ్ ఉండాలి. ఒకటి కలిస్తే రెండోది విడిపోవాలి. ముహూర్తం ముంచుకొస్తుంటే ఎలక్ట్రీషియన్ నాలుగు వైర్లు నేరుగా మెలిపెట్టేస్తాడు. ఇక మెయిన్ దించి ఉందా లేదా అన్నది అతని జ్ఞాపకశక్తి దయ. ఇన్వర్టరుకు రెండు సెకన్ల నియమమైనా ఉంది; మెలిపెట్టిన వైరుకు సుముహూర్తం తప్ప వేరే నియమం తెలియదు. ఆ షెడ్డు ముందు నిలబడి ఫొటో దిగమని యజమానిని ఎవరూ అడగరు.

పరీక్షలంటే జాప్యం, జాప్యమంటే లంచం, అందుకే తగ్గించాం అంటుంది ఢిల్లీ. అందులో అబద్ధం లేదు. ఫీజిబిలిటీ పేరు చెప్పి దరఖాస్తుల మీద తపస్సు చేసిన ఘనత డిస్కంలదే. విసిగిపోయి 2024లో నిబంధనలు సవరించారు: 10 కిలోవాట్ల దాకా ఫీజిబిలిటీ చూడకుండానే ఆమోదించినట్టు లెక్క, పెట్టాక కలపడానికి గడువు 30 రోజుల నుంచి 15కు తగ్గింపు. ఇన్నాళ్లూ జాప్యానికి పరీక్ష అని పేరు పెట్టారు. ఇప్పుడు పరీక్షకు జాప్యం అని పేరు పెట్టారు. స్టిక్కరును నమ్మడం పాపమేమీ కాదు. బ్రిటన్‌లో ఇంటిస్థాయి ఉత్పత్తిదారు ముందు కలుపుకుని, 28 రోజుల్లో డిస్ట్రిబ్యూషన్ సంస్థకు తెలిపితే చాలు. అయితే బిగించినవాడు సరఫరా తీసి చూసి, డబ్బా ఆగిందో లేదో తేల్చుకోవాలి.

అదెంత పని? మెయిన్ దించు. ఇన్వర్టరు వైపు మీటరు పెట్టు. వాచీ చూడు. సున్నా అయిందా? మెయిన్ ఎత్తు. నిమిషం ఓపిక పట్టిందా, పట్టగానే తోసిందా? టీ చల్లారేలోపు అయిపోతుంది. పరికరం ఖరీదు లేదు, ఫీజు లేదు, ఫైలు తిరగదు, చేయి తడపాల్సిన చోటు ఒక్కటీ లేదు. బహుశా అందుకే ఎవరికీ ఆసక్తి కలగలేదు.

ఇంకా విడ్డూరం ఏమిటంటే, ఈ పరీక్షను మన డిస్కంలు ఉచితంగా జరుపుతూనే ఉన్నాయి. గాలి వీస్తే కరెంటు తీస్తారు, చినుకు పడితే తీస్తారు, కొమ్మలు కొట్టడానికి తీస్తారు. పగటిపూట తీసిన ప్రతిసారీ వీధిలోని ఇన్వర్టర్లన్నీ పరీక్ష రాసినట్టే. చాలా డబ్బాలు ఎప్పుడు ఆగాయో, ఎందుకు ఆగాయో లోపల రాసుకుంటాయి కూడా. వైఫై ఉంటే ఆ చిట్టా కంపెనీ సర్వరుకు చేరుతుంది. సెక్షన్ ఆఫీసుకు మాత్రం చేరదు. అక్కడి ఫారంలో ఆ గడి లేదు.

ఒకరోజు అసలు పరీక్ష జరుగుతుంది. స్తంభం మీద ఉన్నది డిపార్ట్‌మెంటు లైన్‌మనే కానక్కర్లేదు. రోజుకూలికి పిలిచిన ప్రైవేటు హెల్పరు కావచ్చు, పొలం ఎండుతోందని ఫ్యూజు వేయడానికి తనే ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కిన రైతు కావచ్చు. అప్పుడు అందరూ వస్తారు. ఏఈ వస్తారు, డీఈ వస్తారు, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ వాళ్లు వస్తారు, సెలవు రద్దుచేసుకుని బీరువా తాళంచెవి కూడా వస్తుంది. ఎల్‌సీ తీసుకున్నాడా అని మొదట అడుగుతారు. గ్లౌజులు వేసుకున్నాడా అని అడుగుతారు. డిశ్చార్జి రాడ్ తగిలించాడా అని అడుగుతారు. ఇన్వర్టరు ఆగిందా అని అడిగే పని లేదు. దానికి జవాబు ఫైల్లో ఎప్పుడో పడింది: 'సంతృప్తికరంగా పరీక్షించడమైనది.'