ఎర్కేగదా గారు

అసలు పేరు ఏదైతేనేం, ఆఫీసులో అందరూ పిలిచేది ఎర్కేగదా గారనే. ఏదడిగినా ఆయన జవాబు ఆ మాటతోనే మొదలవుతుంది. "సర్వర్ పాస్‌వర్డ్ ఏంది సార్?" "ఎర్కేగదా, పాతదే." చేరి వారం కాని పిల్లగాడికి ఏ పాతదో ఎట్లా తెలియాలి?

2023 మేలో దివిటిపల్లిలో మహబూబ్‌నగర్ ఐటీ టవర్, అక్టోబరులో నల్లగొండ ఐటీ టవర్ తెరిచాక ఇట్లాంటి వాళ్లను చూడటానికి హైదరాబాదు దాకా పోయే పని తప్పింది. మన ఎర్కేగదా గారి జేబులో పెన్ను ఎప్పుడూ ఉంటుంది, దానితో రాయగా చూసినవారు లేరు. కోడ్ మాత్రం కళ్లకద్దుకునేట్టు రాస్తాడు. దాని గురించి నాలుగు ముక్కలు రాసిపెట్టమంటే, బిడ్డ పెళ్లి పెట్టుకున్నవాణ్ణి అప్పు అడిగినట్టు చూస్తాడు. "కోడ్ చదువు బిడ్డా, అంతా అండ్లనే ఉన్నది."

ఇన్నాళ్లూ నడిచింది. కింద పనిచేసేది మనుషులు కాబట్టి అర్థం కానిది చాయ్ దగ్గర అడిగేవాళ్లు, లేదంటే ఆయన మొహం చూసి పసిగట్టేవాళ్లు. ఇప్పుడు ఏఐ ఏజెంట్లు దిగాయి. ఏజెంట్లను టూల్స్‌తో కలపడానికి 2024 నవంబరులో ఆంత్రోపిక్ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌నే తీసుకోండి. టూల్ పేరు, అది చేసే పని గురించి రాసిన వివరణ, దానికి ఏమేం ఇవ్వాలో చెప్పే పట్టీ, ఏజెంటు ముందు ఉండేది ఇంతే. లోపలి కోడ్ కనపడదు. రాయని చోట తానే ఏదో ఊహించుకుని ధైర్యంగా ముందుకు పోతుంది. (ఈ గుణంలో దానికీ ఆయనకూ బాగా కుదిరింది.)

మొదట్లో ఆయన రాసిన వివరణలు నేను చూశాను. 'గెట్ డేటా: డేటా తెస్తుంది.' 'గెట్ డేటా న్యూ: కొత్త డేటా తెస్తుంది.' 'క్లీన్: పాతవి తీసేస్తుంది.' ఎన్నాళ్ల పాతవి? తీసేస్తే మళ్లీ వస్తాయా? ఎర్కేగదా! ఏదైనా తప్పు జరిగితే వచ్చే సందేశం: 'ఎర్రర్. అడ్మిన్‌ను కలవండి.' పోయి కలవడానికి ఏజెంటుకు కాళ్లెక్కడివి? పొద్దుగూకే దాకా అదే పని మళ్లీ మళ్లీ చేసి బిల్లు పెంచింది.

కార్లు బుక్ చేసే టూల్ ముచ్చట ఇంకోటి. మహబూబ్‌నగర్ వాళ్లకు పిల్లలమర్రి అంటే మర్రిచెట్టు. 2018లో చెదలు తినేస్తుంటే సెలైన్ సీసాలు కట్టి మందెక్కించిన చెట్టు అది. సూర్యాపేట వాళ్లకు పిల్లలమర్రి కాకతీయుల నాటి గుళ్లున్న ఊరు. టూల్ ఊరి పేరు అడిగింది, జిల్లా అడగలేదు. చెట్టు చూద్దామని బయల్దేరినాయన ఎరకేశ్వరాలయం ముందు దిగాడు. "పుణ్యమొచ్చింది గదా," అన్నాడు మనవాడు.

గట్టి దెబ్బ భూముల టూల్ దగ్గర తగిలింది. విస్తీర్ణం గడిలో 2.20 ఉంది. మన దిక్కు చుక్క తర్వాత ఉండేవి గుంటలు, 40 గుంటలు ఎకరం. అంటే రెండెకరాల ఇరవై గుంటలు, రెండున్నర ఎకరాలు. ఏజెంటు దాన్ని దశాంశమనుకుని రెండెకరాల ఎనిమిది గుంటలుగా లెక్కగట్టింది. దాన్ని తప్పు పట్టలేం. నాగార్జునసాగర్ దాటి మాచర్ల వైపు పోతే భూమిని సెంట్లలో చెప్తారు, వంద సెంట్లు ఎకరం, అక్కడ ఆ లెక్కే కరెక్టు. పట్టాదారు మాత్రం ఫోన్లో ఒకటే అడిగాడు: "నా పన్నెండు గుంటలు ఎవడు దున్నుకుంటుండు?"

ఎర్కేగదా గారి దగ్గర మొదటిసారి జవాబు లేకపోయింది. ఆ రాత్రి పెన్ను తీశాడు.

'విస్తీర్ణం: ఎకరాలు, చుక్క, గుంటలు. గుంటలు రెండంకెల్లోనే, 00 నుంచి 39 వరకు. ఇది దశాంశం కాదు. 2.05 అంటే రెండెకరాల ఐదు గుంటలు. 2.5 అని ఇస్తే తీసుకోదు; ఐదు గుంటలా, అర ఎకరమా తేల్చుకుని మళ్లీ ఇవ్వాలి. సెంట్లలో ఉన్న భూమికి ఈ టూల్ వాడొద్దు.' ఆ ఊపులోనే 'క్లీన్' కింద: '90 రోజులు దాటిన డ్రాఫ్టులు తీసేస్తుంది. తీస్తే తిరిగి రావు. మనిషి సరే అన్నాకే నడపాలి.'

చదివితే ముచ్చటేసింది. ఇంత బాగా రాయగలవాడు ఇన్నేళ్లు ఎందుకు దాచుకున్నాడని ఆఫీసు పిల్లలకు ఒళ్లు మండింది. తాము బతిమాలినా రాయనిది యంత్రం కోసం రాశాడని వాళ్ల కోపం. అయినా దాన్ని ప్రింటు తీసి గోడకు అంటించుకున్నారు, కొత్తగా చేరినవాళ్లు ముందు అక్కడికే పోతున్నారు.

మీ ఆఫీసులోనూ ఇట్లాంటాయన ఒకరు ఉండే ఉంటారు. ఆయన సెలవు మీద పోకముందే పక్కన కూర్చుని, చుక్క తర్వాత ఏముందో రాయించుకోండి.