సేదతీరాలంటే ఒంట్లో సత్తువుండాలి

విహారయాత్రల కరపత్రాలు రాసేవాళ్లకి ఒక దండం. ‘గ్రీకు దీవిలో కుటుంబంతో తీరుబడిగా ఒక రోజు’ అని పైన రాస్తారు. కింద పొద్దున ఆరింటి నుంచి రాత్రి పదింటి దాకా గంటగంటకీ ఏం చెయ్యాలో పట్టిక ఇస్తారు. తీరుబడికి టైంటేబుల్ వేసిన ఘనత వీళ్లదే.

శాంతొరీనినే తీసుకోండి. సుమారు 3,600 ఏళ్ల కిందట అగ్నిపర్వతం బద్దలై దీవి నడిబొడ్డు సముద్రంలోకి కుంగిపోతే, మిగిలిన అంచు మీద వెలసిన ఊళ్లివి. 15,000 పైచిలుకు మంది బతికే ఆ చోటికి ఏటా 30 లక్షలకు పైగా వస్తున్నారు, అందరూ ఏకాంతం కోసమే! 2025 జూలై నుంచి, రద్దీ నెలల్లో విహార ఓడ దిగే ప్రతి తలకీ 20 యూరోల రుసుం. నలుగురుంటే 80 యూరోలు కట్టి మరీ తొక్కిసలాటలో చేరొచ్చు. అంతకు ముందటేడు జూలైలో ఒక్కరోజే ఓడల్లో 17,000 మంది దిగుతున్నారని తెలిసి, అక్కడి స్థానిక పెద్ద ఒకాయన ఊరివాళ్లకే విన్నపం చేశాడు: ఆ పూట మీరు బయట తిరగడం తగ్గించుకోండని. జనం దుమ్మెత్తిపోశాక ఆ మాట తీసేశారనుకోండి. అతిథి దేవుడే, కాదనను. దేవుడొచ్చాడని పూజారిని గుడి బయటికి గెంటుతారా?

పోనీ, ఇసుకలో ఒళ్లు వాలుద్దామంటే కుర్చీకి అద్దె. పక్కనున్న పారోస్ దీవిలో 2023లో ఊరివాళ్లు సొంత సముద్రం ఒడ్డున తువ్వాలు పరుచుకునే హక్కు కోసం ఉద్యమం చెయ్యాల్సొచ్చింది. గొడుగులూ పడక కుర్చీలూ ఒడ్డంతా ఆక్రమించేశాయి మరి. మరుసటేడు ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చి, నీటి అంచుకి నాలుగు మీటర్లు వదలమంది. తువ్వాలుకి చట్టం కావాల్సొచ్చిన దేశంలో తీరుబడి ఏ పాటిదో ఊహించుకోండి.

నిజానికి సేదతీరడం ఎలాగో ఎరిగినవాళ్లు ఆ దీవులవాళ్లే. ఎండాకాలం మధ్యాహ్నం మూడు నుంచి ఐదున్నర దాకా చప్పుడు చెయ్యకూడదని అక్కడ నియమమే ఉంది. భోంచేసి, కిటికీ తలుపులు మూసుకుని, ఓ కునుకు. మన అమ్మమ్మలు ఏ దీవికీ వెళ్లకుండా, మజ్జిగన్నం తిని చాప మీద చేసిన పనే. ఆ వేళకి మన కరపత్రం ఏమంటుంది? ‘ఇయాకి బయల్దేరుట.’ శాంతొరీనిలోని ఆ ఊరి సందుల్లో, రాళ్ల మీద చక్రాల పెట్టెలు గడగడలాడించుకుంటూ!

ఇయాలో సూర్యాస్తమయం చూడాలట. పాడుబడిన కోట దగ్గర రెండు గంటల ముందే చోటు పట్టాలి. పిల్లాడికి దాహం, పెద్దదానికి విసుగు, అమ్మకి నీలి గోపురం ముందు తెల్లచీరలో ఫొటో. ఆ గోపురం కింద ఉన్నది చర్చి అన్న ధ్యాస ఎవరికీ లేదు. సూర్యుడు మునగగానే జనం చప్పట్లు కొడతారు. రోజూ చేసే పనికే చప్పట్లు దక్కే అదృష్టం ఆయనదే. పక్క టావెర్నా అనే పూటకూళ్ల ఇంట్లో పొద్దుట్నుంచీ పళ్లాలు తోముతున్న మనిషికి ఒక్కరూ కొట్టరు.

చీకటి పడ్డాక ఓడెక్కడానికి, ఆ దీవిలోనే ఉన్న ఫిరా అనే ఊరికొచ్చి పాత రేవుకి దిగాలి. కేబుల్ కారుకి కొండవీటి చాంతాడంత వరస. అది కాదంటే దాదాపు 600 మెట్లు, గాడిదలు తిరిగే దారినే. ఆ గాడిదల అవస్థ మీద లోకమంతా గోల పెట్టాక 2018లో గ్రీసు ఓ నిబంధన పెట్టింది: 100 కిలోలు గానీ, జంతువు బరువులో ఐదో వంతు గానీ మించి మొయ్యించకూడదు. న్యాయమే. ఆ లెక్కన తీరుబడిగా రోజు గడిపి వస్తున్న 70 కిలోల నాన్నగారికి 14 కిలోలు. భుజాన నిద్రపోతున్న పిల్లాడే 16 ఉంటాడు. తడి తువ్వాళ్లు, కెమెరా స్టాండు, అత్తగారు బేరమాడి కొన్న ఫావా పప్పు పొట్లాలు ఇంకా లెక్కలోకి రానేలేదు.