నేల విడిచి సాము

జాక్వెలిన్ మిచార్డ్ చెయ్యి తిరిగిన రచయిత్రి. 1996లో ఓప్రా విన్‌ఫ్రే తన బుక్ క్లబ్‌కు కొబ్బరికాయ కొట్టిందే ఈవిడ నవలతో. ఈ మిచార్డే 2013లో కుర్రకారు కోసం ‘వాట్ వుయ్ సా ఎట్ నైట్’ అనే మిస్టరీ రాశారు. మినెసోటాలో ముగ్గురు టీనేజర్లు. ముగ్గురికీ ఎక్స్‌పీ: ఎండలోని అతినీలలోహిత కిరణాలు డీఎన్ఏకు చేసే గాయాన్ని ఒళ్లు సరిచేసుకోలేని జబ్బు. అందుకే పగలు ఇంటిపట్టున ఉండి, రాత్రిళ్లు పార్కూర్ అంటూ మేడల మీంచి దూకుతుంటారు. ఓ రాత్రి కిటికీలోంచి ఓ మగమనిషీ, కదలని అమ్మాయీ కనిపిస్తారు. ఎత్తుగడ అదిరింది. ఆ తర్వాత కథే నేల విడిచి సాము చేసింది.

ఎక్స్‌పీ ఉన్నవారిలో దాదాపు నాలుగోవంతు మందికి నరాలూ దెబ్బతింటాయి. కథకు మాత్రం ఈ జబ్బుతో పడిన ముఖ్యమైన పని, పాత్రల్ని రాత్రిపూట వీధిలోకి తోలడమే. ‘జబ్బు పిల్లల్ని మంచానికే కట్టేయాలా?’ అంటారేమో. అక్కర్లేదు, గోడలు దూకించడం మెచ్చదగ్గదే. దూకినప్పుడు కంటపడ్డ నేరం సంగతి తేలొద్దూ? చివరి పేజీకీ ముడి వీడదు. సిరీస్ అంటే అంతేనంటారా? మంచి సిరీస్ ఒక ముడి విప్పాకే ఇంకోటి వేస్తుంది. వారపత్రిక సీరియల్‌కు ‘సశేషం’ అందం. డబ్బిచ్చి కొన్న నవలకు అది బాకీ. ఎక్స్‌పీని నయం చేసే మందు ఇంకా రాలేదు. పాఠకుడి ఉక్కపోతకు మాత్రం రచయిత్రి చీటీ రాసిచ్చారు: రెండో భాగం కొనుక్కోండి!