శూన్య పరికల్పన సారు

పుంగనూరులో ఎవరైనా ‘రీసెర్చ్’ అన్న మాట ఎత్తితే వినేవాళ్లకు మొదట గుర్తొచ్చేది ఆవు. మూడడుగుల ఎత్తున్న ఆ పొట్టి ఆవుల జాతిని కాపాడటానికి పలమనేరులో పశు పరిశోధన కేంద్రమే నడుస్తోంది. అందుకే సర్కారు హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పే సారు తాను పీహెచ్‌డీ చేస్తున్నానని చెప్పుకున్న రోజు, టీ అంగడాయన ఎంతో గౌరవంగా అడిగాడు: “మన ఆవు మీదనేనా సార్?” కాదు, ఉపాధ్యాయుల వృత్తి సంతృప్తి మీద అని తేలాక, “దాంట్లో కనుక్కునేదేముంది సార్, నన్నడిగితే చెప్పనా?” అనేసి గ్లాసులు కడుక్కోవడంలో పడ్డాడు.

ఈ సారు ఒక్కడు కాదు. మదనపల్లె నుంచి కుప్పం దాకా మండలానికొకరైనా తగులుతారు. భుజాన లాప్‌టాప్ సంచీ, అందులో లాప్‌టాప్‌కు చోటు లేకుండా ప్రశ్నావళుల కట్ట, జేబులో రెండు రంగుల పెన్నులు ఉంటే ఆయనే. ఎం.ఎడ్. ఒక్క ఏడాది చదువుగా ఉన్న కాలంలోనే పూర్తి చేశాడు. 2015 నుంచి అది రెండేళ్లయిందని తెలిసినప్పుడు, చివరి బస్సు దొరికినవాడిలా మురిసిపోయాడు. టీచర్లకు శిక్షణ ఇచ్చే డైట్‌లో లెక్చరర్ పోస్టుకు పనికొస్తుందని మొదలుపెట్టిన చదువు అది. పోస్టు రాలేదు, చదువు మాత్రం ఆగలేదు.

దూరవిద్యలో పీహెచ్‌డీ చేసే దారిని యూజీసీ 2009లో మూసేసింది కాబట్టి ఇప్పుడు పార్ట్‌టైమే గతి. కోర్సువర్కు, ఆఫీసు నుంచి నిరభ్యంతర పత్రం, గైడు సంతకం. సంతకం కోసం కుప్పం దాకా బస్సు. మూడు రాష్ట్రాలు కలిసేచోట 1997లో పెట్టిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఆ ఊళ్లోనే ఉంది. బస్సులో తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపిస్తుంటే సారు ఏ చెవినీ అటు పెట్టడు. కళ్లు మూసుకుని తన టాపిక్‌ను ఒకసారి మననం చేసుకుంటాడు: ‘మదనపల్లె, పుంగనూరు మండలాల ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయుల వృత్తి సంతృప్తికీ బోధనా సామర్థ్యానికీ గల సంబంధం – ఎంపిక చేసిన కొన్ని చరాల దృష్ట్యా ఒక అధ్యయనం’. చదవడానికి రెండుసార్లు ఊపిరి తీసుకోవాలి. ఎంపిక చేసిన చరాలంటే, ఎన్నో ఏళ్లుగా అందరూ ఎంపిక చేస్తున్నవే. ఆడా మగా, పల్లే పట్నమూ, సర్కారూ ప్రైవేటూ, సర్వీసు పదేళ్ల లోపా పైనా.

ఈ టాపిక్ మీద ఇదివరకే ఎవరైనా చేశారేమో చూడమన్నాడు గైడు. మన దేశంలో విద్యా పరిశోధనలన్నిటినీ ఒకచోట చేర్చి బరోడాలో ఎం.బి.బుచ్ తొలి సర్వే సంపుటం తెచ్చింది 1974లో. అక్కడి నుంచి మొదలుపెట్టి తిరగేస్తే ఈ తరహా పనులు కుప్పలు. సారు డీలా పడలేదు. రాత్రి పదకొండు గంటలకు గైడుకు వాట్సప్ పెట్టాడు: ‘సార్, పుంగనూరులో మాత్రం ఎవరూ చేయలేదు.’ రీసెర్చ్ గ్యాప్ దొరికింది.

అక్కడి నుంచి ప్రశ్నావళి. రెన్సిస్ లికర్ట్ అనే అమెరికన్ 1932లో మనుషుల వైఖరుల్ని కొలవడానికి ఒక కొలమానం కనిపెట్టాడు. మన బళ్లలో దాని అయిదు గళ్లు ఇవి: పూర్తిగా అంగీకరిస్తాను, అంగీకరిస్తాను, చెప్పలేను, అంగీకరించను, అసలే అంగీకరించను. శాంపిల్ యాదృచ్ఛికంగా తీసుకున్నానని సారు మూడో అధ్యాయంలో రాసుకున్నాడు. నిజానికి శాంపిల్లో పడ్డ బళ్లన్నీ మెయిన్ రోడ్డు పక్కనే ఉంటాయి, వాటి హెడ్మాస్టర్లంతా బి.ఎడ్.లో సారు బ్యాచ్‌మేట్లు. వాళ్లలో ఒకాయన మధ్యాహ్న భోజనం లెక్కలు చూస్తూనే ప్రశ్నావళి అందుకుని, రెండో గడిలో పైనుంచి కిందికి నిలువుగా ఒక్క గీత గీసి ఇచ్చేశాడు. ‘నా వృత్తి అంటే నాకు ప్రాణం’ అన్నదానికీ, ‘ఈ వృత్తిలోకి ఎందుకొచ్చానా అనిపిస్తుంది’ అన్నదానికీ ఒకేలా అంగీకరించినట్లు తేలింది. సారు దాన్ని పక్కన పడేయలేదు. నా మటుకు నాకు ఆ కట్ట మొత్తంలో నిజం చెప్పిన కాగితం అదొక్కటే అనిపిస్తుంది.

లెక్కలు చేసేది సారు కాదు. మదనపల్లెలో డీటీపీ చేసే ఒక కుర్రాడు. వాడు పదో తరగతి లెక్కల్లో తప్పి మళ్లీ కట్టి పాసైనవాడే, కానీ ఎస్‌పీఎస్‌ఎస్‌లో ఏ బటన్ నొక్కితే ఏ పట్టిక వస్తుందో వాడికి కంఠతా. “టీ విలువ 1.96 దాటలేదు సార్” అని వాడు చెప్పగానే సారు ముఖం వెలిగిపోతుంది. భేదం ఉండదన్న శూన్య పరికల్పన నిలబడింది! ఆడా మగా టీచర్ల మధ్య సార్థక భేదం లేదు. పల్లె పట్నాల మధ్యా లేదు, సర్కారు ప్రైవేటుల మధ్యా లేదు. సర్కారు జీతానికీ ప్రైవేటు బడి జీతానికీ ఉన్న దూరం తెలిసినవాళ్లు ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించాలి, ఇది ఎట్లా సాధ్యమని. సారు ఆగడు. నాలుగో అధ్యాయంలో ఇంకా చాలా పట్టికలున్నాయి.

ఆ టీ విలువ తేల్చే టీ పరీక్ష కథ ఆయనకు తెలిస్తే ఏమయ్యేదో. దాన్ని 1908లో ‘స్టూడెంట్’ అన్న మారుపేరుతో అచ్చేయించిన విలియం గాసెట్, డబ్లిన్‌లో గిన్నెస్ బీరు కంపెనీ ఉద్యోగి. తక్కువ నమూనాలతోనే బార్లీ నాణ్యత తేల్చాల్సిన అవసరం ఆయనది. సారు సోడా కూడా తాగడు.

చిత్రమేమిటంటే, థీసిస్‌లో ప్రాణం ఉన్న పేజీలు రెండే. ‘అధ్యయన ప్రాంత పరిచయం’ అన్న శీర్షిక కింద ఉన్నాయవి. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, 1915లో అనీబిసెంట్ పెట్టిన కాలేజీ, 1919 ఫిబ్రవరిలో అక్కడ దిగి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చిన రవీంద్రుడు, చివరికి టమోటా మార్కెట్ కూడా. ఇష్టంగా రాశాడు. గైడు ఎర్ర పెన్నుతో కొట్టేసి, ‘అనవసరం’ అన్నాడు. కృష్ణమూర్తి మాత్రం రెండో అధ్యాయంలో మిగిలాడు. ఎవరి మాటనూ ప్రమాణంగా పెట్టుకోవద్దని జీవితమంతా చెప్పిన మనిషిని, బ్రాకెట్లో 1953 అని సంవత్సరం వేసి మరీ ప్రమాణంగా చూపించాడు సారు.

కృష్ణమూర్తి పెట్టిన రిషివ్యాలీ బడి మదనపల్లెకు దగ్గరే. ఆ చుట్టుపక్కల పల్లెల పిల్లల కోసం పద్మనాభరావు, రమ దంపతులు చేసిన పని విద్యా పరిశోధన కాకపోతే మరేది అవుతుందో తెలియదు. ఒకే టీచరు, ఒకే గది, అయిదు తరగతుల పిల్లలు. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, బొమ్మ గుర్తులు వేసి, గోడకు నిచ్చెన పటం తగిలించారు. మేకల వెంట వెళ్లి వారం తర్వాత వచ్చిన పిల్లవాడు ఎక్కడ ఆగాడో అక్కడి నుంచే ఎక్కుతాడు. ఆ పద్ధతి 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటెకు వెళ్లి ‘నలి కలి’ అయింది, తమిళనాడు సర్కారు ప్రాథమిక బళ్లన్నిటికీ పాకింది, జర్మనీలో రేగెన్స్‌బుర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లు కూడా వచ్చి నేర్చుకున్నారు. మన సారు థీసిస్‌లో ఫిన్లాండ్ గురించి నాలుగు పేజీలున్నాయి. రిషివ్యాలీకి ఆయన వెళ్లింది ఒకసారి, పిల్లల్ని పిక్నిక్‌కు తీసుకుని.

ఇంత చెప్పాక ఆయన్ను తీసిపారేయాలనిపిస్తుంది కానీ, బడిలో చూడాలి. టీచర్లు సెలవు పెట్టిన రోజు ఏడూ ఎనిమిదీ కలిపి కూర్చోబెడతాడు. పాత పెళ్లిపత్రికల వెనుక ఊళ్ల పేర్లూ నదుల పేర్లూ రాసి పంచుతాడు, ఎనిమిదో తరగతి పిలకాయల చేత ఏడో తరగతివాళ్లకు పటం చూపిస్తాడు. గోల గోలగా ఉంటుంది, ఒక్కడూ కిటికీ వైపు చూడడు. ఉపాధ్యాయుడు తన గదిలోని చిక్కును తానే పరిశోధించి తీర్చుకోవడాన్ని చర్యాత్మక పరిశోధన అంటారనీ, 1953లో స్టీఫెన్ కోరే దాని మీద పుస్తకమే రాశాడనీ సారుకు బాగా తెలుసు. ఎం.ఎడ్.లో పది మార్కుల ప్రశ్న అది. “మరి ఇదే రాయొచ్చు కదన్నా థీసిస్‌లో?” అని తోటి లెక్కల టీచరు అడిగితే ఆశ్చర్యపోయాడు: “ఇది పాఠం చెప్పుకోవడం కదా తమ్ముడూ. దీనికి టీ విలువ యాడుంది?”

వైవా బాగానే జరిగింది. సాఫ్ట్‌వేర్‌లో ఇతరుల రాతలతో పోలిక పది శాతం లోపే తేలింది. బయటినుంచి వచ్చిన ఎగ్జామినరు అక్షర దోషాలు మూడు చూపించి, భోజనం ఎక్కడని అడిగాడు. సారు భార్య, తనూ టీచరే, వెనక వరుసలో కూర్చుని వింది. తిరుగు ప్రయాణంలో, “అయితే ఏమండీ, నేను తృప్తిగా ఉన్నట్టా లేనట్టా?” అని అడిగింది. “సగటున ఉన్నావు” అన్నాడు డాక్టరు గారు.

అయిదో అధ్యాయం చివర ‘తదుపరి పరిశోధనకు సూచనలు’ అని ఒక పేజీ ఉంటుంది. అందులో మొదటి సూచన: ఇదే అధ్యయనాన్ని ఇతర మండలాల్లో కూడా చేపట్టవచ్చు. వారం తిరక్కముందే కుప్పం నుంచి ఒక కుర్ర టీచరు ఫోన్ చేశాడు. గైడు దొరికాడట, టాపిక్ కూడా దాదాపు ఖాయమట. సారు ఉప్పొంగిపోయి, ఇప్పుడే పీడీఎఫ్ పంపిస్తానన్నాడు.

“పీడీఎఫ్ వద్దన్నా, వర్డ్ ఫైలే పంపు. ఊరి పేర్లు మార్చుకోవాల.”