మాటలు నేర్పకండి, ఊఁ కొట్టండి

"మావాడు నలుగురిలో నోరు విప్పడు, ఏం చెయ్యమంటారు మాస్టారూ?" అని అడిగే తల్లిదండ్రులకు నేను చెప్పేవి ఇవే. వినగానే తలకిందుల సలహాల్లా ఉంటాయి. అయినా ఒక్క నెల పాటించి చూడండి.

1. చుట్టాల ముందు రైమ్ చెప్పించకండి

"అంకుల్‌కి చెప్పు నాన్నా" అనగానే పిల్ల అమ్మ కొంగు చాటుకు పోతుంది. అది పిరికితనం కాదు. ఆ రైమ్‌తో అక్కడ ఎవరికీ పనిలేదని దానికి తెలుసు. బదులుగా, మీరు కాస్త దూరంలో నిలబడి, పక్కనే ఉన్న కొట్టుకు పంపండి. "ఈ కందిపప్పు పుచ్చిపోయింది, మార్చివ్వండి" అని కొట్టాయనతో చెప్పి మార్చుకొచ్చిన పిల్లకు ఇక ఏ వేదికా భయపెట్టదు.

2. పంద్రాగస్టు ఉపన్యాసం రాసివ్వకండి

ఒక ఏడాది నేను రాసిచ్చింది బట్టీపట్టిన ఏడో తరగతి పాప, మధ్యలో ఒక్క మాట మరిచిపోయి మైకు ముందే ఏడ్చేసింది. తప్పు నాది. మరుసటి ఏడాది చీటీ మీద మూడే ముక్కలు రాసుకోమన్నాను: ఎవరి గురించి, ఏం జరిగింది, నాకేమనిపించింది. మిగతాదంతా తనే చెప్పింది.

3. మాట మధ్యలో తప్పు దిద్దకండి

మూడేళ్ల పిల్ల "లైలొచ్చింది" అంటే, "అవునమ్మా, రైలొచ్చింది" అనండి, చాలు. రెండు నుంచి ఐదేళ్ల లోపు చాలామందికి మాట తడబడుతుంది. ఎక్కువమందికి దానంతటదే సర్దుకుంటుంది. "నెమ్మదిగా చెప్పు" అని గద్దించకుండా మీరే నెమ్మదిగా మాట్లాడండి. నెలలు గడిచినా నత్తి తగ్గకపోతే, మాట్లాడ్డానికి పిల్లలు అవస్థ పడుతుంటే స్పీచ్ థెరపిస్టుకు చూపించండి. వస కొమ్ము అరగదీసి నాకించడం దానికి మందు కాదు.

4. ఎదురు చెప్పనివ్వండి

అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులుంటే, అందులో ఒకరి పనే అప్రస్తుత ప్రసంగం. ఆ అడ్డు ప్రశ్నలకు చెదరకుండా జవాబివ్వడం అవధాని విద్యలో భాగం. మన ఇళ్లలో మాత్రం "పెద్దవాళ్లకు ఎదురు చెప్తావా?" అని నోరు మూయిస్తాం. టీవీ ఎందుకు కట్టెయ్యకూడదో మూడు కారణాలు చెప్పమని అడగండి. కారణాలు బాగుంటే ఒప్పుకొని ఓడిపోండి.

5. ఇంగ్లీషు కోసం ఇంట్లో తెలుగు మాన్పించకండి

కోపమూ దిగులూ సొంత భాషలో చెప్పుకోగలిగిన పిల్లకు ఇంకో భాషలో మాట్లాడే ధైర్యమూ వస్తుంది.

6. మీరు తక్కువ మాట్లాడండి

బుర్రకథలో కథకుడికి అటొకరు, ఇటొకరు వంతలుంటారు. నడుమ నడుమ ప్రశ్న వేస్తూ, "తందాన తాన" అంటూ కథను ముందుకు నడిపిస్తారు. వాళ్లు లేకపోతే ఎంత గొప్ప కథకుడికైనా ఊపు రాదు. ఇంట్లో కథకులు పిల్లలు, వంత మీరు. బడి నుంచి రాగానే "మార్కులెన్ని?" అనకండి. చేతిలో ఫోను పక్కన పెట్టి, "ఊఁ, ఆ తర్వాత?" అనండి.

ఇన్నాళ్లూ రాత్రిపూట మనం కథ చెబితే వాళ్లు ఊఁ కొట్టారు. ఈ రాత్రి వాళ్లను చెప్పనివ్వండి. నిద్ర ముంచుకొచ్చినా సరే, కథ కంచికి చేరేదాకా మీరు ఊఁ కొట్టండి.