ఎరుపు పోగొట్టే విద్య

వస్తువును చిన్న ముక్కల మెష్‌గా కోసి కంప్యూటర్‌లో దాని బలం లెక్కకట్టే ఫైనైట్ ఎలిమెంట్ అనాలిసిస్ ఆఫీసుల్లో రాతలో లేని రూలు ఒకటి నడుస్తుంటుంది. రిజల్టు అనుకున్నట్టు వస్తే ఘనత ఇంజనీరుది, రాకపోతే తప్పు సాఫ్ట్‌వేర్‌ది. సాఫ్ట్‌వేర్ మీదికీ నెట్టడం కుదరకపోతే గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ ఉండనే ఉంది. ఆడలేక మద్దెల ఓడన్న పాతకాలపు మనిషికి పాపం ఒక్క మద్దెలే దొరికింది.

డ్రైవర్లలో దోషాలు ఉండవని కాదు. రిమోట్ డెస్క్‌టాప్‌లో తెరవగానే మోడల్ నల్లబడిపోవడం, తిప్పినప్పుడల్లా ప్లేటు మచ్చలుమచ్చలుగా మిణుకుమిణుకుమనడం అందరూ చూసినవే. అయితే ఆ మిణుకుల వెనక చాలాసార్లు వేరే కథ ఉంటుంది. ఒకే చోట రెండు సర్ఫేసులు పడితే ఏది ముందు చూపాలో కార్డుకు తేలదు. ఒకే ప్లేటును రెండుసార్లు మెష్ చేశావేమో చూసుకో నాయనా అని అది మొత్తుకుంటోందన్నమాట. మనవాడు చూసుకోడు, డ్రైవర్ అప్‌డేట్ చేస్తాడు. అదే నోడ్ల మీద రెండు వరసల ఎలిమెంట్లు కూర్చుని, ప్లేటు ఉన్నదానికి రెట్టింపు గట్టిపడి, రిపోర్టులో దర్జాగా పాసవుతుంది.

ఇంకొకాయన బ్రాకెట్ విల్లులా వంగిపోయిందని హడలిపోయి సాల్వర్‌లో బగ్ ఉందని మెయిల్ పెడతాడు. 300 మిల్లీమీటర్ల బ్రాకెట్ నిజంగా కదిలింది 0.02 మిల్లీమీటరు. కంటికి ఆనాలని సాఫ్ట్‌వేర్ దాన్ని 1500 రెట్లు సాగదీసి చూపించింది, ఆ మాట మూలన చిన్న అక్షరాల్లో రాసింది కూడా. అక్షరాలు చదివే ఓపికే ఉంటే మెయిలెందుకు పెడతాడు?

అంకెల దగ్గరికొస్తే ఇంకా ముచ్చట. మిల్లీమీటరు, టన్ను, న్యూటన్ లెక్కలో స్టీలు సాంద్రత 7.85e-9 అని కొట్టాలి. ఒకడు కాలేజీలో బట్టీపట్టిన 7850 కొట్టేశాడు. తేడా లక్ష కోట్ల రెట్లు, మన రాష్ట్ర బడ్జెట్ల పక్కన పెట్టి మాట్లాడుకోవాల్సిన అంకె. ఆ బరువుకు బీము కుప్పకూలింది. కూలదా మరి! “కొత్త వెర్షన్‌లో గ్రావిటీ సరిగ్గా పనిచేయట్లేదు సార్” అని నిబ్బరంగా చెప్పాడు. న్యూటన్ కనిపెట్టిన నాటి నుంచీ సజావుగా పనిచేస్తున్నది ఈ శుక్రవారం మొరాయించింది!

ఇవన్నీ నిజానికి మంచి జబ్బులు. బొమ్మ వికారంగా ఉంటే ఎవరో ఒకరు ఆగి చూస్తారు. నా భయమంతా అందమైన బొమ్మలతోనే.

రివ్యూ మీటింగ్ చూడండి. స్టీలు 250 మెగాపాస్కల్‌కే లొంగిపోతుంది, ప్లాట్‌లో గరిష్ఠ స్ట్రెస్ 310, హద్దు దాటినచోటల్లా ఎరుపు. “ఎరుపు ఎక్కువైంది బాబూ, క్లయింటు ఊరుకోడు” అంటాడు మేనేజరు. మందం పెంచమనడు, లోడు సరిచూడమనడు. బాబుకు అర్థమవుతుంది. రంగుల లెజెండ్‌లో గరిష్ఠాన్ని 250 నుంచి 500కి జరుపుతాడు. ఎర్రగా ఉన్నచోట ఆకుపచ్చ వచ్చి కూర్చుంటుంది. ఇనుము గ్రాము పెరగలేదు గానీ బ్రాకెట్ మాత్రం నవనవలాడుతూ స్లైడులోకి ఎక్కింది. పక్క ఎలిమెంట్లతో కలిపి సగటు తీసే ఆప్షనుందిగా, అదీ నొక్కితే శిఖరం కాస్త అరిగి మర్యాదగా కనిపిస్తుంది.

అప్పటికీ ఒక ఎర్రచుక్క మొండికేస్తే దానికో మంత్రం ఉంది: సింగ్యులారిటీ. పదునైన లోపలి మూలలో మెష్ ఎంత సన్నం చేస్తే స్ట్రెస్ అంత పెరుగుతుంది, ఎక్కడా ఆగదు. సిద్ధాంతం ప్రకారం అక్కడ అది అనంతం. ఇది నిజమే. నిజం కాబట్టే మంత్రం ఇంత బాగా పారుతోంది. డ్రాయింగ్‌లో మాత్రం ఆ మూలకు 3 మిల్లీమీటర్ల ఫిలెట్, అంటే గుండ్రని ఒంపు, ఉంది. మెష్ చేయడానికి బద్ధకమేసి తీసేసింది తనేనని మంత్రగాడు చెప్పడు.

మోడల్‌ను సరిచూసుకునే తేలిక కూడిక ఒకటుంది. లోడు 10,000 న్యూటన్లు వేస్తే సపోర్టుల దగ్గర రియాక్షన్లన్నీ కలిపి 10,000 రావాలి. చూడ్డానికి నిమిషం పట్టదు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఏ బటన్ ఎక్కడుందో నేర్చుకుని వచ్చినవాళ్లను ఈ కూడిక చేశారా అని అడిగి చూడండి, మీకేదో పాతకాలం జబ్బు ఉన్నట్టు జాలిగా చూస్తారు.

అందమైన బొమ్మ ఎంత పని చేస్తుందో నార్వే చూసింది. అక్కడ స్లీప్నర్-ఏ అనే చమురు ప్లాట్‌ఫామ్‌కు కాంక్రీటు పునాది డిజైన్ చేసినప్పుడు స్క్రీన్ మీద ఏ మచ్చా మిణుకలేదు. నాస్ట్రాన్ అనే సాఫ్ట్‌వేర్ బుద్ధిగా లెక్కచేసి ఇచ్చింది. కాకపోతే పునాదిలోని గదుల గోడలు కలిసే కీలకమైన చోట మెష్ ముతక, ఎలిమెంట్లు వంకర. అక్కడి షియర్ స్ట్రెస్‌ను 47 శాతం తక్కువగా చూపింది. ఎవరికీ అనుమానం రాలేదు. తక్కువ స్ట్రెస్‌ను అనుమానించేవాడు ఎక్కడైనా ఉంటాడా? అక్కడి ఇనుప కడ్డీలు కూడా చాలినంత పొడవు పెట్టలేదు. 1991 ఆగస్టు 23న స్టావెంగర్ దగ్గర గాండ్స్‌ఫియర్డ్ అనే సముద్రపాయలో దించుతుంటే గోడ పగిలి మొత్తం మునిగిపోయింది. అడుగు తాకినప్పుడు 3.0 తీవ్రత భూకంపం నమోదైంది. ప్రాణాలు పోలేదు, డబ్బు మాత్రం సుమారు 70 కోట్ల డాలర్లు పోయింది. తర్వాత మెష్ సన్నం చేసి చూస్తే 62 మీటర్ల లోతులో పగలాలని తేలింది. పగిలింది 65 దగ్గర. అంటే కంప్యూటర్ పెట్టె సరిగ్గానే లెక్క చేస్తుంది, సరిగ్గా అడిగితే.

కొత్త పునాది డిజైన్ చేయాల్సి వచ్చేసరికి ఆ ఇంజనీర్లు కంప్యూటర్ కోసం ఆగలేదు. స్లైడ్ రూల్ నాటి పద్ధతుల్లో చేతి లెక్కలు వేసుకుని కట్టుకుపోయారు. కంప్యూటర్ ఫలితాలు చేతికొచ్చే నాటికి కట్టడం చాలావరకు లేచింది. 1993 ఏప్రిల్‌లో దాని మీద డెక్ కూర్చోబెట్టారు, నిలబడింది. ఆ లెక్కల్లో ఎరుపూ లేదు, పచ్చా లేదు. రివ్యూ మీటింగులో స్లైడు మీద ఏం చూపించుకున్నారో పాపం!