ఆటోమేటిక్ కారు కొనేవాళ్లు ముందు వాట్‌గంజ్ రండి

షోరూముకి వెళ్లకండి. మైలేజీ అడక్కండి, రంగు చూడకండి. ముందు కోల్‌కతాలో వాట్‌గంజ్ రండి. కర్నల్ హెన్రీ వాట్సన్ 1780ల్లో ఓడలు కట్టించిన చోటిది, పేటకి ఆయన పేరే నిలిచింది. పక్కనే 1892లో తెరిచిన ఖిదిర్‌పూర్ డాక్. ఒకప్పుడు అక్కడ నీటి ఒత్తిడితో నడిచే హైడ్రాలిక్ క్రేన్లు సరుకెత్తేవి. ఒత్తిడంటే ఏమిటో తెలియనివాళ్లు గేర్ లివర్ మీద చెయ్యి వెయ్యకూడదు. ఆ డాక్ గోడ వెంట ఒక పూట నడవండి.

అలాంటి క్రేన్ల కోసమే ఇంగ్లండులో ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ఇంజనీరు అక్యుములేటర్ తయారుచేశాడు. నిలువు సిలిండర్ మీద టన్నులకొద్దీ బరువు. పంపు నీళ్లు తోస్తే బరువు లేస్తుంది, క్రేన్ వాడుకుంటే దిగుతుంది, పైకంటా లేస్తే పంపుకి ఆవిరి ఆగిపోతుంది. ఒత్తిడి ఎంతుండాలో ఆ బరువే తేలుస్తుంది.

గేర్‌బాక్సులో ఆ బరువు పని స్ప్రింగుది. ఇంజను తిరిగినంతసేపూ పంపు ఆయిల్ తోస్తూనే ఉంటుంది. రెగ్యులేటర్ వాల్వుకి ఒకవైపు స్ప్రింగు, రెండోవైపు ఆయిల్. ఆయిల్‌ది పైచేయి అయితే వాల్వు జరిగి దారిస్తుంది, ఎక్కువైనదంతా వెనక్కి పోతుంది. అయితే డాక్‌లో బరువుకి తేయాకు పెట్టె ఎత్తుతున్నారో జనపనార బేలు ఎత్తుతున్నారో పట్టదు. ఈ వాల్వుకి పట్టాలి. యాక్సిలరేటర్ తొక్కితే క్లచ్ ప్లేట్లని ఇంకా బిగించాలి గనక స్ప్రింగుకి తోడు మరికొంత ఒత్తిడి పంపుతారు. పాత బండ్లలో ఆ కబురు కేబులో, ఇంజను వాక్యూమో తెచ్చేది. ఇప్పుడు కంప్యూటర్ చెబితే సోలినాయిడ్ చేస్తుంది. నన్నడిగితే కేబుల్ ఉన్న పాత బండే కొనండి. చేత్తో తడిమి చూసుకోగలిగేది అదొక్కటే.

కారు ఇంటికి రాగానే మ్యూజిక్ సిస్టం పీకించి అక్కడ ప్రెషర్ గేజ్ పెట్టించండి. చాలా గేర్‌బాక్సులకి పక్కన చిన్న ప్లగ్ ఉంటుంది, గేజ్ గొట్టం బిగించేది అక్కడే. డ్రైవర్ రోడ్డు చూడాలి, ముల్లు పక్కవాళ్లు చదవాలి, పైకి, ఆగకుండా. అత్తగారైనా సరే మినహాయింపు ఇవ్వకండి. నిలబడి ఉన్నప్పుడు 60, 70 పీఎస్‌ఐ చూపించే బండి రివర్సులో గట్టిగా తొక్కితే 200 దాటచ్చు. కంగారుపడకండి, రివర్సుకి పట్టు ఎక్కువ కావాలి. అసలు పరీక్ష వాట్‌గంజ్‌లో కంటైనర్ లారీల వెనక ఎండలో ఇరుక్కున్నప్పుడు. ఆయిల్ వేడెక్కి పల్చబడుతుంది, అరిగిన సందుల్లోంచి జారిపోతుంది, ముల్లు దిగుతుంది. ఒత్తిడి చాలక ప్లేట్లు జారతాయి, జారినవి మాడతాయి. డిప్‌స్టిక్ దగ్గర మాడు వాసన వస్తే పెళ్లికి వెళ్తున్నా సరే, బండి అక్కడే ఆపేయండి.

స్ప్రింగు కింద వాషర్ వేసి ఒత్తిడి పెంచుతానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. గేరు మారినప్పుడల్లా బండి కుదుపుతుంది, అరిగిన సందు అలాగే ఉంటుంది.

బ్యాటరీ దిగిపోతే తోయించకండి. ఇంజను ఆగితే పంపు ఆగినట్టే. ఒత్తిడి లేనిదే క్లచ్ పట్టదు, పేటంతా వచ్చి తోసినా ఇంజను తిరగదు. తాడు కట్టి లాగించడం ఇంకా ఘోరం. బండిని నడిపే చక్రాలు నేల మీద తిరిగితే లోపల ఆయిల్ అందక అన్నీ ఒరుసుకుంటాయి. ఎత్తుకెళ్లే ట్రక్కుకి ఫోన్ చేయండి, తెల్లారేదాకా రాకపోయినా బండి దగ్గరే ఉండండి.